తాళం తీయని పెట్టె

పిల్లలూ, హైదరాబాదుకు సముద్రం లేదు. గాంధీనగర్, చిక్కడపల్లి, అశోక్ నగర్ పిల్లలకు నీళ్ళంటే హుసేన్ సాగరే. అందులో పడవలు తిరుగుతాయి గాని ఓడలు తిరగవు. అయినా ఈ ఊళ్ళో ఒక రేవున్నది! గాంధీనగర్ నుంచి సుమారు పది కిలోమీటర్ల దూరాన, సనత్ నగర్ లో ఉన్నది. అక్కడ అలలు లేవు, లంగర్లు లేవు. రైలు పట్టాలూ, పెద్ద పెద్ద క్రేనులూ, ఒకదానిమీద ఒకటి పేర్చిన ఇనపపెట్టెలూ ఉంటాయి. కాగితాల మీద దాని పేరు ఇన్ లాండ్ కంటైనర్ డిపో. మనం మెట్టరేవు అందాం.

విదేశాలకు పోయే సరుకు ఈ మెట్టరేవులో పెట్టెకెక్కుతుంది. కస్టమ్స్ వారు, అంటే సుంకం వసూలు చేసే అధికారులు, ఇక్కడే కాగితాలు చూస్తారు. పెట్టె తలుపుకు సీలు పడుతుంది. ఆ తరవాత అది రైలెక్కి సముద్రపు రేవుకు పోతుంది, అక్కడ ఓడెక్కుతుంది. మళ్ళీ ఎవరూ తలుపు తెరవనక్కర లేదు. ఏ దేశానికి చేరాలో ఆ దేశం చేరాకనే సీలు తీస్తారు.

ఇది ఎంత సౌకర్యమో, అంత చిక్కు కూడాను. తాళం తీయని పెట్టెలో ఏమున్నదో చెప్పేదెట్లా?

ఈ పెట్టెల కథ మరీ పాతది కాదు. పూర్వం ఓడలోకి బస్తాలూ, పీపాలూ, మూటలూ ఒక్కొక్కటే మోసుకుపోయి సర్దేవాళ్ళు. ఒక్క ఓడ నిండటానికి రోజులు పట్టేది. అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అని లారీల వ్యాపారి ఒకడుండేవాడు. లారీలోని సామాను దించి ఓడకెక్కించే బదులు, లారీ మీది పెట్టెనే పెకలించి ఓడ మీద పెట్టేస్తే పోదా అని ఆయనకు తోచింది. 1956 ఏప్రిల్ 26న ఆయన ఓడ ‘‘ఐడియల్ ఎక్స్’’ 58 పెట్టెలతో న్యూవార్క్ నుంచి హ్యూస్టన్ కు బయలుదేరింది. ఈనాడు అతిపెద్ద ఓడలు ఇరవై అడుగుల పెట్టెల లెక్కన 24 వేలకు పైగా మోయగలవు. మన విశాఖపట్నంలో పెట్టెల కోసమే కట్టిన ప్రత్యేక రేవు 2003లో పని మొదలుపెట్టింది.

ఇప్పుడొక చిన్న లెక్క చేద్దాం. ఒక ఓడలో నలభై అడుగుల పెట్టెలు 12,000 ఉన్నాయనుకోండి. ఒక్కొక్క పెట్టె తెరిచి, సామానంతా దించి, చూసి, మళ్ళీ సర్దటానికి నాలుగు గంటలు పడుతుందనుకుందాం. మొత్తం 48,000 గంటలు. రాత్రింబవళ్ళు ఆగకుండా చేసినా ఒక జట్టుకు 2,000 రోజులు, అంటే అయిదున్నర సంవత్సరాలు! మీరు అయిదో తరగతిలో ఉండగా మొదలుపెడితే, మీ పదో తరగతి పరీక్షలు కూడా అయిపోతాయి. ఇదంతా ఒక్క ఓడకే. ఆ పెట్టెల్లో మందులుంటాయి, రొయ్యలుంటాయి, యంత్రాల భాగాలుంటాయి. వాటికోసం అవతలివాళ్ళు కనిపెట్టుకుని ఉంటారు.

కాబట్టి అన్నీ తెరవటం కుదరదు. అసలు తెరవకుండా వదిలేయటమూ కుదరదు. ఎందుకంటే సబ్బులని రాసిన పెట్టెలో దొంగకలప ఉండవచ్చు. మామూలు సరుకని రాసిన పెట్టెలో అంటుకునే రసాయనం ఉండవచ్చు.

సరుకు పేరు దాచటం, దాన్ని కనిపెట్టాలని చూడటం ఈ కాలంలో పుట్టినవి కావు. బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున మోటుపల్లి అనే ఊరున్నది. ఇప్పుడది చిన్న ఊరేగాని, కాకతీయుల కాలంలో గొప్ప రేవు. క్రీస్తుశకం 1244–45లో గణపతిదేవ చక్రవర్తి అక్కడ ఒక శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు, గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకు వచ్చిన ఓడల్లోని ధనమంతా లాక్కునేవారట. ఇకమీదట ఆ పని జరగదనీ, నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోమనీ గణపతిదేవుడు వర్తకులకు అభయమిచ్చాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు — ఇట్లా ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా అందులో చెక్కించాడు.

ఆ శాసనంలో ఒక తెలివి ఉన్నది చూడండి. సుంకం తీసుకోవాలంటే ముందు సరుకుకు ఒక పేరుండాలి. వర్తకుడికీ, సుంకరికీ, రాజుకూ ఆ పేరు ఒకటే కావాలి. ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్నది కూడా అదే. కాకపోతే పేర్లకు బదులు అంకెలు వాడుతున్నారు. 1988 నుంచి అమలులో ఉన్న ఈ పద్ధతిలో బియ్యానికి 1006 అనే అంకె. ఎండుమిరపకాయలది 0904. మామిడిపండు 0804లో వస్తుంది. సబ్బు 3401, మొద్దులుగా ఉన్న కలప 4403. గుంటూరు మిరపకాయ ఏ దేశపు రేవులో దిగినా, అక్కడి అధికారికి తెలుగు రాకపోయినా, 0904 అనగానే ఆయనకు అర్థమవుతుంది.

సరే, కాగితం మీద అంకె ఉన్నది. పెట్టె మీద కూడా ఒక నంబరుంటుంది. ఇది చాలా తమాషా అయిన నంబరు. కొంచెం ఓపిక పట్టి, కాగితమూ పెన్సిలూ తెచ్చుకోండి.

రోడ్డుమీద పోయే కంటైనర్ లారీ వెనకతట్టు చూస్తే నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ, ఆరు అంకెలూ, ఆ చివర గడిలో వేసిన మరొక అంకే కనిపిస్తాయి. మొదటి మూడక్షరాలు పెట్టె సొంతదారుకు గుర్తు. నాలుగోది సాధారణంగా ‘‘యు’’ ఉంటుంది. ఆరు అంకెలు ఆ పెట్టె సంఖ్య. మరి గడిలో ఉన్న చివరి అంకె ఏమిటి? అది కాపలాదారు! ముందున్న పదీ సరిగా ఉన్నాయో లేదో అది చెబుతుంది.

పుస్తకాలలో ఉదాహరణగా ఇచ్చే నంబరునే తీసుకుందాం: సి ఎస్ క్యూ యు 305438, గడిలో 3. ముందు అక్షరాలను అంకెలుగా మార్చుకోవాలి. ‘‘ఎ’’కు 10. ఆ తరవాత వరసగా పెంచుకుంటూ పోవాలి. అయితే 11, 22, 33 మాత్రం వదిలేయాలి. అంటే ‘‘బి’’కి 11 కాదు, 12. ‘‘సి’’కి 13. ఈ విధంగా ‘‘ఎస్’’కు 30, ‘‘క్యూ’’కు 28, ‘‘యు’’కు 32 వస్తాయి.

చదరంగం గడుల్లో వడ్లగింజలు పోయించుకున్న బ్రాహ్మణుడి కథ మీరు వినే ఉంటారు. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇక్కడా అంతే. మొదటిదాన్ని 1 తోనూ, రెండోదాన్ని 2 తోనూ, మూడోదాన్ని 4 తోనూ, ఆ తరవాత 8, 16, 32, 64, 128, 256, 512 తోనూ హెచ్చవేయాలి. అక్షరాల నుంచి 13, 60, 112, 256 వస్తాయి. అంకెల నుంచి 48, 0, 320, 512, 768, 4,096 వస్తాయి. అన్నీ కూడితే 6,185. దాన్ని 11 చేత భాగించండి. శేషం 3. గడిలో ఉన్నదీ 3. నంబరు సరి అయినదే! శేషం 10 వచ్చినప్పుడు మటుకు గడిలో 0 వేస్తారు.

ఇప్పుడు గుమాస్తా ఎవరో తొందరలో 305438 అనే బదులు 304538 అని రాశాడనుకోండి. పక్కపక్క అంకెలు తారుమారు కావటం మనందరికీ జరిగేదే. మళ్ళీ హెచ్చవేసి కూడితే 6,249 వస్తుంది. 11 చేత భాగిస్తే శేషం 1. గడిలో 3 ఉన్నది. వెంటనే కంప్యూటరు, ‘‘ఇటువంటి పెట్టె లేదు, మళ్ళీ చూసుకో’’ అంటుంది. పడవలో కూచున్నవాళ్ళు గట్టుమీదివాళ్ళకు కేక వేసి చెప్పినప్పుడు కూడా తప్పు దొర్లకుండా ఉండటానికి ఇంతకన్నా తేలిక ఉపాయం నాకు కనిపించదు.

నంబరు ఇంత జాగ్రత్తగా ఎందుకంటే, ఆ నంబరు మీదే పెట్టె దినచర్య అంతా నడుస్తుంది. పెట్టెకు దినచర్య ఏమిటని నవ్వకండి. పెట్టె ఖాళీగా డిపో నుంచి బయటికి పోయిన రోజు ఒక పద్దు. సరుకుతో నిండి గేటులోకి వచ్చిన రోజు ఒక పద్దు. ఓడెక్కినప్పుడు ఒకటి. మధ్యలో ఏదో రేవులో దిగి మరో ఓడెక్కితే మళ్ళీ రెండు. చివరకు దిగి, ఖాళీ అయి తిరిగి వచ్చినప్పుడు ఇంకొకటి. ఓడల కంపెనీలు ఈ పద్దులు దొంగలను పట్టుకోవటానికి రాయటం మొదలుపెట్టలేదు. తమ పెట్టె ఎక్కడున్నదో తమకు తెలియాలి, అద్దె లెక్క తేలాలి, సరుకు ఎప్పుడొస్తుందని అడిగిన వర్తకుడికి జవాబు చెప్పాలి. అందుకోసం రాసుకున్నారు. చాకలి పద్దులాటి మామూలు పద్దు అన్నమాట.

కాని ఆ మామూలు పద్దులోనే కిటుకు ఉన్నది. దొంగ తన కాగితాల మీద అబద్ధం రాయగలడు. ఓడ కంపెనీ వాడు రేవులో తన పని కోసం వేసుకున్న పద్దును దిద్దటం మటుకు దొంగ చేతిలో ఉండదు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, అబద్ధం తనంతట తానే బయటపడుతుంది.

ఒక ఉదాహరణ కల్పించి చెబుతాను. ఒక వర్తకుడు తన పెట్టెలోని సరుకు ఫలానా దేశంలో తయారైనదని రాశాడు. ఆ దేశపు సరుకుకు సుంకం తక్కువ. పెట్టె దినచర్య తీసి చూశారు. ఆ పెట్టె వేరే దేశంలో ఖాళీగా బయటికి పోయింది, అక్కడే నిండి ఓడెక్కింది. వర్తకుడు చెప్పిన దేశంలో దిగి, పది రోజులు ఊరికే కూచుని, మళ్ళీ ఓడెక్కింది. ఆ పది రోజుల్లో సరుకెట్లా తయారైంది? పెట్టె తలుపు ముట్టుకోకుండానే అధికారికి అడగవలసిన ప్రశ్న దొరికింది.

ఇటలీలోని ఇస్ప్రా అనే ఊళ్ళో ఐరోపా సంఘం వారి పరిశోధనశాల ఒకటున్నది. అక్కడి శాస్త్రజ్ఞులు ఇటువంటి పద్దులను లక్షలకొద్దీ పోగుచేసి, వాటిలో వింత ప్రయాణాలను కంప్యూటరు చేత పట్టించే పని చేశారు. దాని పేరు కాన్ ట్రాఫిక్. ఆ పని ఎంత అక్కరకు వచ్చిందంటే, 2015లో ఐరోపా సంఘం ఏకంగా చట్టమే చేసింది. ఐరోపాకు వచ్చే పెట్టెల పద్దులను ఓడ కంపెనీలు 2016 సెప్టెంబరు నుంచి అధికారులకు అందజేయవలసి వచ్చింది. అమెరికా వారు అంతకు ముందే మేలుకున్నారు. 2001 సెప్టెంబరు 11 నాటి ఘోరం తరవాత, తమ దేశానికి రాబోయే పెట్టె ఓడెక్కటానికి 24 గంటల ముందే దాని వివరాలు పంపాలని 2002లో నియమం పెట్టారు. 2009లో ‘‘పది ప్లస్ రెండు’’ అనే నియమం వచ్చింది. దిగుమతి చేసుకునే వర్తకుడు పది సంగతులు చెప్పాలి. ఓడ కంపెనీ రెండు సంగతులు చెప్పాలి: ఓడలో ఏ పెట్టె ఎక్కడున్నదో చూపే పటం ఒకటి, ఇందాక చెప్పిన దినచర్య పద్దులు రెండోది.

మన దేశమూ చేతులు కట్టుకుని కూచోలేదు. 2005లో దిగుమతులకు, 2013లో ఎగుమతులకు కస్టమ్స్ వారు రిస్క్ మేనేజ్ మెంట్ అనే కంప్యూటరు పద్ధతి పెట్టారు. వచ్చిన ప్రతి కాగితాన్నీ అది చదువుతుంది. ఈ వర్తకుడు పాతవాడా, కొత్తవాడా? ఈ సరుకు ఈ దారిన ఎప్పుడైనా పోయిందా? దీని ధరకూ బరువుకూ పొంతన ఉన్నదా? అనుమానం లేనివి ముందుకు పోతాయి. అనుమానం ఉన్నవి పక్కకు వస్తాయి. 2016లో నవీ ముంబై దగ్గరి జవహర్ లాల్ నెహ్రూ రేవులో మరొక పని మొదలైంది. పెట్టెకు వేలెడంత రేడియో బిళ్ళ తగిలిస్తారు. గేటు దాటినప్పుడల్లా అది తన సంఖ్య చెబుతుంది. తరవాత విశాఖపట్నం, కృష్ణపట్నం రేవులకూ ఈ పద్ధతి వచ్చింది. ఆ 2016లోనే, జులై 1 నుంచి, నిండిన పెట్టె బరువు తూకంతో తేల్చనిదే ఓడెక్కించకూడదని ప్రపంచమంతటికీ నియమం వచ్చింది.

తూకం అంటే జ్ఞాపకం వచ్చింది, ఎర్రచందనం సంగతి చెప్పాలి.

దసరాకు బొమ్మలకొలువు పెట్టే ఇళ్ళలో, ముఖ్యంగా తిరుపతి వైపు, ఎర్రటి కొయ్య దంపతుల బొమ్మలుంటాయి. వాటిని మరపాచి బొమ్మలంటారు. అవి ఎర్రచందనంతో చేసినవి. ఈ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణపు కొసనే. శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండ — ఈ కొండలే దాని పుట్టిల్లు. పక్క రాష్ట్రాల సరిహద్దుల్లో ఏవో కొద్ది చెట్లు ఉంటే ఉండవచ్చు. చెట్టు చాలా నిదానంగా పెరుగుతుంది. లోపలి ఎర్రటి చేవ తయారు కావటానికి దశాబ్దాలు పడుతుంది. తాత నాటితే మనమడు చూడాలి. ఆ చేవ ఎంత బరువంటే, నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది! మామూలు కొయ్య తేలుతుందని మీ పుస్తకంలో ఉంటుంది గదా, దీని విషయంలో అది చెల్లదు.

చైనాలో ఎర్రచందనం బల్లలకూ, కుర్చీలకూ గొప్ప గిరాకీ. అందుచేత దొంగలు కొండలెక్కి చెట్లు నరికిస్తారు. నరికే కూలీలు చాలామంది పక్క రాష్ట్రపు పేదవాళ్ళు. వాళ్ళకు దొరికేది కొద్ది డబ్బు, వాళ్ళు పోగొట్టుకునేది ఒక్కొక్కసారి ప్రాణం. లాభమంతా కొండ ముఖం కూడా చూడనివాడికి పోతుంది. 1995 నుంచి ఈ చెట్టు అంతర్జాతీయ రక్షణ పట్టికలో ఉన్నది. మన దేశం దుంగల ఎగుమతిని నిషేధించింది. అయినా దుంగలను దేశం దాటించటానికి దొంగలు వాడే దారి ఒకటున్నది: వేరే పేరు రాసిన పెట్టె.

2022లో అట్లాంటి పెట్టె ఒకటి అహమ్మదాబాదు దగ్గరి సాబర్మతి మెట్టరేవుకు వచ్చింది. అది మన సనత్ నగర్ లాటిదే. కాగితాల మీద ఉన్నది సబ్బులూ, షాంపూల వంటి స్నానపు సామగ్రి. పోవలసిన ఊరు అరబ్బు దేశంలోని షార్జా. డైరెక్టరేట్ ఆఫ్ రెవెన్యూ ఇంటెలిజెన్స్ అని దొంగరవాణాను కనిపెట్టే శాఖ ఒకటున్నది. 1957లో పుట్టింది. దాని అధికారులకు ముందే సమాచారం అందింది. వాళ్ళు పెట్టెమీద కన్నువేసి ఉంచారు. తలుపు తెరవక ముందు పెట్టెను ఎక్స్ రే యంత్రం గుండా పంపారు. మీ చెయ్యి విరిగితే డాక్టరు తీయించే ఎక్స్ రే లాటిదే ఇదీను, కాకపోతే లారీ పట్టేటంతది. దట్టంగా ఉన్న వస్తువు కిరణాలను ఎక్కువగా మింగేస్తుంది, బొమ్మలో నల్లగా పడుతుంది. సీసాలూ డబ్బాలూ అయితే ఒక రకంగా కనిపించాలి. అక్కడ దుంగలు కనిపించాయి.

తలుపు తీశారు. సబ్బు ఒక్కటీ లేదు. 840 ఎర్రచందనపు దుంగలు, మొత్తం బరువు 14.63 టన్నులు. సగటున దుంగకు పదిహేడు కిలోల పైచిలుకు. వాటి విలువ పదకొండు కోట్ల 70 లక్షల రూపాయలని అధికారులు చెప్పారు. ఆ పనికి వాళ్ళు ‘‘ఆపరేషన్ రక్తచందన్’’ అని పేరు పెట్టారు. దుంగలు దొరికాయి గాని, నరికిన చెట్లు తిరిగి లేవవు. ఆ మాటా చెప్పుకోవాలి. పెట్టె దగ్గర దొంగను పట్టుకోవటమంటే చెట్టు పడ్డ తరవాత పట్టుకోవటమే. అయినా ఆ దారి మూసుకుపోతే నరికించేవాడికి సరుకు అమ్ముడుపోదు. మొదటి గొడ్డలి దెబ్బ ఆగాలంటే చివరి రేవులో కూడా కాపలా ఉండవలసిందే. అందుకే మన అధికారులు ఇతర దేశాల కస్టమ్స్ వారితో కలిసి, దొంగకలప కోసం పెట్టెలను వెతికే కార్యక్రమం ఒకటి నడుపుతున్నారు. శేషాచలం కొండల పేరు మీద దానికి ‘‘ఆపరేషన్ శేష’’ అని పేరు.

దొంగతనం కాకుండా, ప్రమాదం మాట కూడా ఉన్నది. 2021 మే నెలలో ‘‘ఎక్స్ ప్రెస్ పెర్ల్’’ అనే ఓడ 1,486 పెట్టెలతో కొలంబో దగ్గరికి వచ్చింది. అందులో 25 టన్నుల నత్రికామ్లం, అంటే నైట్రిక్ ఆసిడ్, ఉన్నది. ఒక పెట్టె కారుతున్నట్టు నావికులు దారిలోనే కనిపెట్టారు. దాన్ని దించుకోమని కతార్ లోని హమద్ రేవునూ, మన గుజరాత్ లోని హజీరా రేవునూ అడిగారు. రెండుచోట్లా దించుకోలేదు. మే 20న కొలంబో ఎదుట ఓడ అంటుకున్నది. జూన్ 2న మునగటం మొదలయింది. ప్లాస్టిక్ గుళికలు తీరమంతా పరుచుకున్నాయి. చచ్చిన తాబేళ్ళు ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. ఈ కథలో పెట్టెలో ఏమున్నదో ఎవరూ దాచలేదు. పేరు కాగితం మీదే ఉన్నది. కారుతున్నదని కూడా తెలుసు. తెలిసినా పెట్టె దిగే చోటు దొరకలేదు. కంప్యూటరు తెలివిని మెచ్చుకునేవారు ఈ ఓడను మరిచిపోతూంటారని నా అభిప్రాయం.

ఇంకొకటి హైదరాబాదుకు సంబంధించినదే. 2020 ఆగస్టు 4న లెబనాన్ దేశపు బేరూత్ రేవులో గోదాములో ఏళ్ళతరబడి పడి ఉన్న 2,750 టన్నుల అమోనియం నైట్రేట్ పేలి, రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఆ వార్త వినగానే అన్ని దేశాలవాళ్ళూ తమ రేవుల్లో ఏమేమి పడి ఉన్నాయో పద్దులు తిరగవేశారు. చెన్నై దగ్గర మనలిలో 37 పెట్టెల్లో సుమారు 697 టన్నులు తేలింది! 2015లో కస్టమ్స్ వారు పట్టుకుని ఉంచినది. వెంటనే దాన్ని వేలం వేశారు. కొన్నది హైదరాబాదు కంపెనీ. ఆగస్టు 9న మొదటి పది పెట్టెలు, 181 టన్నులు, లారీల మీద చెన్నై నుంచి ఇటు బయలుదేరాయి. ఆ పద్దే గనక లేకపోతే, ఎక్కడ ఎంత ఉన్నదో వెతకటానికే ఎన్నాళ్ళు పట్టేదో ఊహించండి.

ఇంత చెప్పాక పెద్దలకు ఒక సందేహం రావచ్చు. ఓడ కంపెనీల పద్దులన్నీ సర్కారు చూస్తే, వర్తకుల రహస్యాలు ఏమవుతాయి? ఏ సరుకు ఎవరి దగ్గర, ఎంతకు కొంటున్నాడో పోటీదారుకు తెలిస్తే వ్యాపారం మునుగుతుంది. ఆ సందేహం న్యాయమైనదే. అందుకే ఎవరు చూడవచ్చు, ఎంతకాలం దాచవచ్చు అనేదానికి చట్టంలో హద్దులు రాస్తారు. ఆ హద్దులు కాగితం మీద ఉంటే సరిపోదు, వాటినీ ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. కంప్యూటరుకు వచ్చేది అనుమానం మాత్రమే; అది రుజువు కాదు. భీమవరం రొయ్యల వర్తకుడు మొదటిసారిగా కొత్త దేశానికి సరుకు పంపాడనుకోండి. కొత్త దారి కాబట్టి కంప్యూటరు అతని పెట్టెను ఆపవచ్చు. రొయ్యలు సున్నాకు 18 డిగ్రీల కింద గడ్డకట్టి ఉండాలి. తనిఖీ ఆలస్యమై, పెట్టెకు కరెంటు అందకపోతే ఏమవుతుంది? సరుకు పాడవుతుంది, చెరువు రైతు దాకా ఆ నష్టం పాకుతుంది. నేరం చేయనివాడికి శిక్ష పడినట్టే గదా! అందుచేత పెట్టెను ఆపటం తెలిసిన అధికారికి, త్వరగా వదలటం కూడా తెలియాలి. ఇక్కడే యంత్రం కన్నా మనిషికి పని ఎక్కువ. కంప్యూటరు ‘‘ఇదేదో వింతగా ఉన్నది’’ అంటుంది. ఎందుకు వింతగా ఉన్నదో అడిగి తెలుసుకోవలసినవాడు మనిషే.

బరువు విషయమే తీసుకోండి. స్నానపు సబ్బుల పెట్టె ఎంత బరువుండవచ్చో, దుంగల పెట్టె ఎంత ఉండవచ్చో అనుభవం ఉన్న గుమాస్తాకు అందాజుగా తెలుసు. అయితే దొంగకూ తెలుసు. అతను దుంగలు తగ్గించి, బరువు సరిపెట్టి పంపవచ్చు. అప్పుడు తూకం ఏమీ చెప్పదు. ఎక్స్ రే చెబుతుంది. ఎక్స్ రే కంటికి దొరక్కుండా దుంగల చుట్టూ మరేదో పేర్చితే, పెట్టె తిరిగిన దారి చెబుతుంది. దారి కూడా మామూలుగానే ఉంటే, పంపినవాడి చిరునామాలో అసలు సబ్బుల దుకాణమే లేదని తేలవచ్చు. ఒక సాక్షి నోరు మూయిస్తే ఇంకొక సాక్షి ఉంటాడు. అందరి నోళ్ళూ ఒకేసారి మూయించటం చాలా కష్టం, అంతే. అసాధ్యమని మటుకు ఏ అధికారీ అనడు.

ఇక మీకు పని. సనత్ నగర్ వైపు వెళ్ళినప్పుడో, ఊరిచుట్టూ ఉన్న పెద్ద రోడ్డు మీద బస్సులో పోతున్నప్పుడో కంటైనర్ లారీ కనిపిస్తే నంబరు రాసుకోండి. లారీ నంబరు కాదు, పెట్టె నంబరు! అయితే బస్సు కిటికీలో నుంచి తల బయటికి పెట్టకండి. రోడ్డు దాటి దగ్గరికి పోకండి. అంకెలు మనిషి పిడికిలంత పెద్దవి, దూరం నుంచే కనిపిస్తాయి. ఇంటికి వచ్చి లెక్క వేసి, గడిలోని అంకెతో సరిపోయిందో లేదో చూడండి. సరిపోకపోతే దొంగపెట్టె అని కేక వేయకండి. నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు మీ కూడికలోనే తప్పుంటుంది.

లారీ కనిపించనివాళ్ళకు ఒక లెక్క ఇస్తున్నాను. ఒక పెట్టె వానలో తడిసి, బురద చిమ్మి, నంబరులో ఒక అంకె కనపడకుండా పోయింది. మిగిలింది ఇది: సి ఎస్ క్యూ యు 1, 2, బురద, 4, 5, 0. గడిలో 2. బురద కింద ఉన్న అంకె ఏమిటి? అక్షరాల విలువలు పైన ఇచ్చినవే. సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక్కొక్కటే పెట్టి చూస్తే ఎవరైనా చేయగలరు; అట్లా చేయకుండా ఒక్క దెబ్బలో తేల్చే ఉపాయం కూడా ఉన్నది. జవాబు వచ్చే నెల సంచికలో.